ముల్లు చెప్పిన రెండు అబద్ధాలు: ఇంజిన్ మార్చిన ముక్కు లారీలో హీట్ మీటరు కేసు

బండి, దాని చరిత్ర

1954లో జంషెడ్‌పూర్‌లో టాటాలు మెర్సిడెస్-బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసేదాకా బండి ముందు బెంజ్ నక్షత్రమే ఉండేది. ఈ కేసులోని బండి ఆ కాలానిదే. బానెట్ ముందుకు పొడుచుకొచ్చిన పాత బాడీ, మా వైపు ముక్కు లారీ అంటారు. నంబరు, ఓనరు ఊరు, తర్వాత ఎక్కించిన ఇంజిన్ కంపెనీ, ముందు పని చేసినవాళ్ళ వివరాలు ఇక్కడ రాయడం లేదు.

ఇది ఓనరు తండ్రి తోలిన బండి. చాలా ఏళ్ళు చింతచెట్టు కింద పడి ఉంటే, కొడుకు పట్టుబట్టి బాగు చేయించాడు. పాత ఇంజిన్ బ్లాకు పగిలిపోయింది. దానికి బదులు, యాక్సిడెంట్ అయిన వేరే లారీ నుంచి తీసిన ఆరు సిలిండర్ల టర్బో డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. మెకానికల్ పంపు ఇంజిన్, కంప్యూటర్ గొడవ లేదు. మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్టు, క్లచ్ పనులు వేరే ఊరి మెకానిక్ చేశాడు. ఆ పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. రేడియేటర్‌కి కొత్త కోర్ వేయించారు. స్టార్టర్, ఆల్టర్నేటర్ 12 వోల్టులవే పెట్టారు కాబట్టి బండి మొత్తం పాత పద్ధతిలోనే 12 వోల్టుల మీద నడుస్తోంది.

కాగితాల సంగతి ఒక మాట. ఇంజిన్ మార్పును ఓనరు ఆర్‌సీలో ఎక్కించుకున్నాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉన్నదే ఇలాంటి మార్పుల కోసం. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధన దీనికి వర్తిస్తుందా అని అడిగాడు. వర్తించదు. అది వాణిజ్యానికి వాడని టూవీలర్లకు, ఫోర్‌వీలర్లకు. అవి కూడా పెద్ద మార్పులేవీ లేకుండా అసలు రూపంలో ఉండాలి.

ఇంత శ్రద్ధగా జరిగిన పనిలో తెగిపోయింది ఒక్కటే, పాత హీట్ మీటరు గొట్టం. ఈ బండిలో మొదట ఉన్న మీటరుకి కరెంటుతో పని లేదు. ఇంజిన్ నీళ్ళలో మునిగి ఉండే బల్బు (వెలిగేది కాదు, చిన్న లోహపు బుడ్డి), దాని నుంచి డాష్‌బోర్డు దాకా వెంట్రుకంత రంధ్రం ఉన్న రాగి గొట్టం, లోపల ఈథర్. నీళ్ళు వేడెక్కితే ఈథర్ ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడికి మీటరు లోపలి వంపు గొట్టం సాగి ముల్లును తిప్పుతుంది. ఆ రాగి గొట్టాన్ని ఒక్కసారి కోస్తే ఈథర్ పోతుంది, మీటరు చచ్చినట్టే. పాత బల్బు కొత్త ఇంజిన్ రంధ్రంలో పట్టలేదని గొట్టాన్ని కత్తిరించేశారు. బజారులో ఒక ఎలక్ట్రిక్ మీటరు కొని, ఇంజిన్‌తో పాటు వచ్చిన సెన్సార్‌కి దాన్ని కలిపారు. నీళ్ళు వేడెక్కే కొద్దీ ఈ సెన్సార్ రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, తగ్గుతుంది. అది తగ్గే కొద్దీ ముల్లు పైకి లేస్తుంది. కథంతా ఇక్కడ మొదలైంది.

ఫిర్యాదు ఒకటి కాదు, రెండు

బండి తయారయ్యాక మొదట పూజకని కాణిపాకం తీసుకెళ్ళారు. చిత్తూరు నుంచి దగ్గరే, ఎక్కుడు లేని రోడ్డు, పైగా ఖాళీ బండి. అయినా ముల్లు ఎర్ర గీత దగ్గరికి వెళ్ళింది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "థర్మోస్టాట్ తీసెయ్, మన ఎండలకు అదెందుకు" అన్నాడట. థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కి పోనివ్వని కవాటం. తీసేశారు. ముల్లు కాస్త తగ్గింది కానీ ఎరుపు అంచు వదల్లేదు.

తర్వాత ఇంకో ఎలక్ట్రీషియన్ సెన్సార్ వైరు మధ్యలో కరెంటును అడ్డుకునే చిన్న ముక్క, ఒక రెసిస్టర్, కలిపాడు. ముల్లు బుద్ధిగా మధ్యకొచ్చి కూర్చుంది. అందరికీ సంతోషం.

జూన్‌లో తోతాపురి మామిడి కోతలు మొదలయ్యాయి. గుజ్జు ఫ్యాక్టరీ ముందు గంటల కొద్దీ క్యూలో నిలబడి, కదిలి, మళ్ళీ నిలబడి పని కానిచ్చారు. ఆ వారంలోనే లోడుతో మొగిలి ఘాట్ ఎక్కుతుంటే రేడియేటర్ ఉడికి నీళ్ళు బయటికి తన్నింది. డ్రైవర్ మాట యథాతథంగా: "మీటరు సగం దాటి రోంత ఉణ్ణిందన్నా, అంతే. నీళ్ళు మాత్రం పొంగి బానెట్టంతా కొట్టేసినాయి."

ఓనరు కోపంతో రెసిస్టర్ పీకేశాడు. ముల్లు మళ్ళీ ఎరుపుకి పోయింది. ఎవరో సెన్సార్ పోయిందంటే అదే రకం కొత్త సెన్సార్ వేయించాడు. తేడా రాలేదు. మా షెడ్డుకి వచ్చేనాటికి డ్రైవర్ ఏ చిన్న మిట్ట వచ్చినా బండి ఆపి, బానెట్ ఎత్తి, చేత్తో హోస్ పైపు తాకి చూసి కదులుతున్నాడు.

"మంచి మీటరొకటి వెయ్యి తమ్ముడూ, రేటు సంగతి తర్వాత" అన్నాడు ఓనరు.

మీటరు వెయ్యలేదు. ఒకసారి వేడి లేకుండా వేడి చూపించింది, ఇంకోసారి వేడి ఉండి చూపించలేదు. చెడిపోయిన మీటరు సాధారణంగా ఒకే వైపు తప్పుతుంది, లేదా అసలు కదలదు. ఈ ముల్లు కదులుతోంది, వేడితో పాటే కదులుతోంది. అంటే మీటరు బతికే ఉంది, దానికి అందుతున్న లెక్కే వేరు. ఘాట్‌లో నీళ్ళు నిజంగానే మరిగాయి కాబట్టి ఇంజిన్‌లో కూడా విడిగా ఏదో జబ్బు ఉండి తీరాలి. ఈ రెంటినీ కలిపి వెతికితే ఏదీ దొరకదని మొదటే అనుకున్నాం.

ముందు నిజం తెలియాలి

మీటరు తప్పు అనాలంటే అసలు వేడి ఎంతో వేరే దారిలో తెలియాలి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మా దగ్గర ఉంది. నీళ్ళు ఇంజిన్ నుంచి బయటికొచ్చే అల్యూమినియం హౌసింగ్ మీద గురి పెడితే 50 డిగ్రీల పైచిలుకు చూపించింది. అది నమ్మదగిన లెక్క కాదు. మెరిసే లోహం తన వేడిని సరిగా వెదజల్లదు, చుట్టుపక్కల వాటిని ప్రతిఫలిస్తుంది. అదే చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, అది వేడెక్కాక చూస్తే 76 వచ్చింది. ఆ సమయానికి డాష్‌బోర్డు ముల్లు 100 మీద ఉంది. ఎర్ర గీత 105 దగ్గర మొదలవుతుంది.

ఒక్క పరికరం మాట మీద నడవకూడదని, ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి, గాజు థర్మామీటర్ వేలాడదీసి మళ్ళీ స్టార్ట్ చేశాం. వేడి ఇంజిన్ మీద మూత తీస్తే ముఖం కాలుతుంది, ఎంత తొందరున్నా చల్లారేదాకా ఆగాల్సిందే. స్టార్ట్ చేసిన మరుక్షణం మా కుర్రాడు పైకి చూసి, "అన్నా, అప్పుడే నీళ్ళు తిరుగుతాండాయి" అన్నాడు. చల్లటి ఇంజిన్‌లో థర్మోస్టాట్ మూసి ఉంటుంది, రేడియేటర్‌లో నీళ్ళు కదలకూడదు. థర్మోస్టాట్ తీసేశారన్న సంగతి అప్పుడు అడిగితే గానీ ఓనరు చెప్పలేదు. ఆయనకది చెప్పదగ్గ విషయంలా అనిపించలేదు. కాసేపటికి గాజు థర్మామీటర్ 74 చూపించింది. టేపు మీద చూసిన 76తో సరిపోయింది.

ఇక్కడ ఒక పక్క మాట. థర్మోస్టాట్ తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటుందన్నది మన షెడ్లలో పాతుకుపోయిన నమ్మకం. కొన్ని పాత ఇంజిన్లకు అది కొంతవరకు చెల్లింది. ఈ ఇంజిన్‌కి చెల్లదు. ఇందులో నీళ్ళకు రెండు దారులు: ఒకటి రేడియేటర్‌కి, ఇంకోటి బైపాస్, అంటే రేడియేటర్‌కి పోకుండా తిరిగి పంపులోకి. థర్మోస్టాట్ తెరుచుకునేటప్పుడు రేడియేటర్ దారి తెరుస్తూనే బైపాస్ దారిని మూస్తుంది. మొత్తానికే తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొంత నీరు చల్లబడకుండానే తిరుగుతూ ఉంటుంది. చదును రోడ్డు మీద తేడా తెలియదు. లోడుతో ఘాట్ ఎక్కితే తెలుస్తుంది. మొగిలి ఘాట్‌లో జరిగింది ఇదే. ఇంజిన్‌కి లేని జబ్బును మీటరు చూపించింది, దానికి చేసిన వైద్యం వల్ల నిజమైన జబ్బు వచ్చింది.

సర్క్యూట్‌ని ముక్కలు చేయడం

సెన్సార్ వైరు తీసేస్తే ముల్లు కిందికి పడిపోయింది. ఆ వైరును క్షణం సేపు ఎర్త్‌కి, అంటే కరెంటు తిరిగిపోయే బండి లోహానికి, తాకిస్తే పై చివరకు వెళ్ళింది. చాలామంది ఈ పరీక్ష చేసి "మీటరు బాగుంది, సెన్సార్ మార్చు" అంటారు. ఈ పరీక్ష చెప్పేది వైరు తెగలేదని, మీటరు చావలేదని మాత్రమే. రెండు చివరల మధ్య ముల్లు ఎక్కడ నిలబడాలో అది చెప్పదు, మనకు కావలసిందేమో ఆ మధ్యభాగమే.

డ్రైవర్ చెప్పిన ఇంకో సంగతి అప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు: రాత్రిపూట హెడ్‌లైట్లు వేస్తే ముల్లు కాస్త పైకి జరుగుతుందట. లైట్లకూ నీళ్ళ వేడికీ సంబంధం లేదు. ఇలా జరిగితే అనుమానం ఎర్త్ మీదే. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పోదు. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి లావుపాటి ఎర్త్ పట్టీ ఉండాలి. ఇంజిన్ మార్చినప్పుడు ఆ పట్టీ తిరిగి వెయ్యలేదు. పాత పట్టీ బోల్టు రంధ్రం ఛాసిస్ మీద రంగు కింద కనిపిస్తూనే ఉంది. కరెంటు ఎక్సిలరేటర్ తీగ, డీజిల్ పైపు లాంటి దొంగదారుల్లో తిరుగుతోంది.

ఇంజిన్ నడుపుతూ, లైట్లు వేసి, బ్లాకుకూ ఛాసిస్‌కూ మధ్య మల్టీమీటర్ పెడితే 0.6 వోల్టు. పట్టీ వేశాక 0.03. ఆల్టర్నేటర్ ఇంజిన్ మీదే ఉంటుంది కాబట్టి లైట్లకు ఇచ్చిన కరెంటంతా ఛాసిస్ నుంచి ఇంజిన్‌కి తిరిగి రావాలి. దారి ఇరుకైతే బ్లాకు వోల్టేజి ఛాసిస్ కన్నా కిందికి జారుతుంది. సెన్సార్ ఎర్త్ ఆ బ్లాకే కాబట్టి మీటరు గుండా పోయే కరెంటు పెరిగి ముల్లు లేస్తుంది. సెన్సార్ మర మీద చుట్టిన టెఫ్లాన్ టేపు కూడా తీసేశాం. ఒంటి వైరు సెన్సార్‌కి ఆ మరే ఎర్త్. మామూలుగా మర టేపును కోసుకుని లోహాన్ని తాకుతుంది గానీ, ఇక్కడ మందంగా చుట్టారు. కొద్ది ఓముల తేడాకే ముల్లు డిగ్రీలకు డిగ్రీలు జరిగే సర్క్యూట్ ఇది.

పట్టీ వేశాక లైట్లకు ముల్లు కదలడం ఆగింది. అసలు తప్పు మాత్రం అలాగే ఉంది: 76కి 98.

బ్యాటరీ వోల్టేజి మారితే ముల్లు మారుతుందా అని కూడా చూశాం. ఇంజిన్ ఆపి 12.4 దగ్గర, నడుపుతూ 14.2 దగ్గర ఒకే రెసిస్టర్ పెట్టి చూస్తే తేడా 2 డిగ్రీల లోపే. అదే వేడెక్కి వంగే పట్టీతో పనిచేసే పాత రకం మీటరైతే విడిగా వోల్టేజి రెగ్యులేటర్ కావాల్సి వచ్చేది. దీనికి అక్కర్లేదు.

శెనక్కాయల నూనెలో సెన్సార్

మిగిలింది మీటరు లెక్క ఒకటి, సెన్సార్ లెక్క ఒకటి విడివిడిగా రాసుకోవడం. మీటరుది సులువు. సెన్సార్ స్థానంలో రకరకాల రెసిస్టర్లు కలిపి ముల్లు ఎక్కడ నిలుస్తోందో చూశాం. 134 ఓములకు 60, 70 ఓములకు 80, 51కి 90, 39కి 100, 29కి 110. వేడి పెరిగే కొద్దీ తేడా ఎంత సన్నబడుతోందో చూడండి. 60 నుంచి 80కి పోవడానికి 64 ఓములు తగ్గాలి. 100 నుంచి 110కి పదే ఓములు.

సెన్సార్‌ని పొయ్యి మీద పరీక్షించాలి. మా ఊరి ఎత్తులో నీళ్ళు 100కి కాస్త ముందే మరుగుతాయి, ఆపైన మరిగినా వేడి పెరగదు. అసలు ప్రమాదం ఉన్నది ఆపైనే. అందుకే శెనక్కాయల నూనె. చిన్న గిన్నె, సన్నటి మంట, సెన్సార్ కొస అడుగుకి తగలకుండా తీగతో వేలాడదీసి, పక్కనే గాజు థర్మామీటర్. సెన్సార్ ఒంటికి ఒక వైరు, పిన్నుకి ఒక వైరు, మల్టీమీటర్‌కి. నూనె కలుపుతూనే ఉండాలి, లేకపోతే గిన్నెలో ఒక మూల వేడి, ఒక మూల చలి. వంటగదిలో కాకుండా బయట చేయాలి, పక్కన నీళ్ళ బకెట్ కాదు, ఇసుక పెట్టుకోవాలి.

లెక్క ఇలా వచ్చింది: 40 దగ్గర 118 ఓములు, 60కి 62, 80కి 34, 95కి 23, 110కి 16.

రెండు కాగితాలు పక్కపక్కన పెట్టగానే అంతా తేలిపోయింది. 76 డిగ్రీల దగ్గర ఈ సెన్సార్ ఇచ్చేది దాదాపు 38 ఓములు. ఈ మీటరు భాషలో 38 అంటే 100. సెన్సార్‌లో తప్పు లేదు, మీటరులో తప్పు లేదు. రెండూ వేర్వేరు జతల్లోవి. ఎవరో "అదే రకం" కొత్త సెన్సార్ వేసినా తేడా రాకపోవడానికి కారణం ఇదే. పోయినదాని స్థానంలో కాదు, కుదరనిదాని స్థానంలో అలాంటిదే ఇంకోటి పెట్టారు.

రెసిస్టర్ ఎందుకు మోసం చేసింది

ఈ కేసు రాయడానికి కారణం ఈ భాగమే, కాబట్టి కొంచెం నిలబడతాను.

ఓనరు పీకేసిన రెసిస్టర్ టూల్ బాక్సులో దొరికింది. 33 ఓములు. దాన్ని ఎలా ఎంచి ఉంటారో ఊహించొచ్చు: ఇంజిన్ మామూలుగా నడుస్తున్నప్పుడు ముల్లు 80 దగ్గరికి వచ్చేదాకా ఒక్కో రెసిస్టర్ పెట్టి చూసి ఉంటారు. 38కి 33 కలిపితే 71. మీటరు 80 చూపిస్తుంది. అసలు 76, చూపించేది 80. భేషుగ్గా ఉంది.

కానీ వేడి పెరిగితే? సెన్సార్ రెసిస్టెన్స్ తగ్గుతుంది, కలిపిన 33 మాత్రం తగ్గదు. 95 దగ్గర 23కి 33 కలిపితే 56, ముల్లు 87. 110 దగ్గర 16కి 33 కలిపితే 49, ముల్లు 91. ఇంజిన్ 76 నుంచి 110కి పోతే ముల్లు 80 నుంచి 91కి కదులుతుంది. సెన్సార్ రెసిస్టెన్స్ సున్నా అయిపోయినా సర్క్యూట్‌లో 33 ఓములు మిగిలే ఉంటాయి, అప్పటికి గానీ ముల్లు ఎర్ర గీత అంచు తాకదు. కిలో దగ్గర సరిగ్గా తూగి, క్వింటాలు దగ్గర కొట్టేసే కాటా ఇది.

ఘాట్‌లో నీళ్ళు మరిగినప్పుడు "సగం దాటి రోంత" అని డ్రైవర్ చెప్పింది అక్షరాలా నిజం. రేడియేటర్ మూత రబ్బరు ఎండిపోయి ఒత్తిడి నిలవడం లేదు, ఉన్నవి ఉత్త నీళ్ళు. 100 దగ్గరే మరిగాయి. ఈ లెక్కన ముల్లు 89 దగ్గర ఉండాలి. పైగా నీళ్ళు తగ్గి సెన్సార్ ఆవిరిలో తేలిపోతే ముల్లు ఇంకా కిందికి రావచ్చు.

సెన్సార్‌కి పక్కనుంచి ఇంకో రెసిస్టర్ కూడా కలిపి, రెండు చోట్ల సరిపోయేలా చేయొచ్చు కదా అని మా కుర్రాడు అడిగాడు. కాగితం మీద వేసి చూశాం. పక్కన రెసిస్టర్ కలిపితే మొత్తం రెసిస్టెన్స్ ఇంకా తగ్గుతుంది, అంటే ముల్లు ఇంకా పైకి పోతుంది. సెన్సార్ రెసిస్టెన్స్ కావలసినదానికన్నా ఎక్కువ ఉన్నప్పుడు ఆ ఉపాయం పనికొస్తుంది. ఇక్కడ తక్కువ. ఈ దారి మూసుకుపోయింది.

ఏ దారి పట్టాలి

మూడు దారులు మిగిలాయి. ఓనరు మనసు మొదటిదాని మీదే: తండ్రి చూసిన పాత మీటరును బతికించడం. చవక మీటరు ఒకటి కొని, దాని బల్బును మంచులో ఉంచి ఈథర్‌ని ద్రవంగా నిలిపి, గొట్టం కోసి, పాత మీటరుకి సోల్డర్ చేసే పద్ధతి ఉంది. కొందరు చేస్తారు. ఈథర్ దగ్గర సోల్డరింగ్ వేడి నాకు నచ్చే పని కాదు. అది సఫలమైనా బల్బు ఈ ఇంజిన్ రంధ్రంలో పట్టదన్న మొదటి చిక్కు అలాగే ఉంటుంది. రెండోది, సెన్సార్‌ని ఉంచి దాని జత మీటరు తేవడం. అది వచ్చింది 24 వోల్టుల బండి నుంచి, మీటరు విడిగా కాకుండా అన్ని మీటర్లూ కలిసి ఉండే పెద్ద క్లస్టర్‌లో ఉంటుంది. మూడోది, మీటరును ఉంచి దానికి జత సెన్సార్ వేయడం. మీటరు లెక్క మా చేతిలో ఉంది కాబట్టి ఏ సెన్సార్ కావాలో కచ్చితంగా తెలుసు: 80కి 70, 100కి 39. అదే పట్టాం.

సెన్సార్ కన్నా ముందు కొత్త థర్మోస్టాట్, కొత్త మూత వేశాం. ఇంజిన్‌కి నిలకడైన వేడి లేకపోతే కొత్త సెన్సార్‌ని దేనితో పోల్చాలి? థర్మోస్టాట్ మీద 83 అని గుద్ది ఉంది. గిన్నె నీళ్ళలో వేసి చూస్తే 83, 84 మధ్య కదలడం మొదలైంది. మూత 0.5 బార్‌ది. అంత ఒత్తిడిలో నీళ్ళు దాదాపు 110 దాకా మరగవు. ఉత్త నీళ్ళు తీసేసి కూలెంట్ పోశాం.

జత సెన్సార్ బజారులో దొరికింది కానీ దాని మర పెద్దది, ఇంజిన్ రంధ్రం చిన్నది. షాపువాళ్ళు ఇచ్చిన అడాప్టర్ బుష్‌తో బిగించి చూశాం. హౌసింగ్ మీద టేపు 84 అంటుంటే ముల్లు 68 దగ్గర బద్ధకంగా నిలబడింది. విప్పి చూస్తే సంగతి అర్థమైంది. సెన్సార్ కొస నీటి ప్రవాహం దాకా చేరలేదు, బుష్ గొట్టంలోనే, కదలని నీళ్ళలో ఉండిపోయింది. బయట ఫ్యాను గాలి ఆ బుష్‌ని చల్లబరుస్తోంది. సెన్సార్ ఇత్తడి వేడిని కొలుస్తోంది, ఇంజిన్‌ది కాదు. థర్మోస్టాట్ దాటాక పైహోస్‌లో పెడదామన్నారు ఒకరు. అక్కడ థర్మోస్టాట్ తెరుచుకునేదాకా వేడి నీరే రాదు. థర్మోస్టాట్ మూసుకునే ఇరుక్కుపోతే ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు చల్లగానే ఉంటుంది. అందుకే వద్దన్నాను.

దారి ఇంజిన్ హెడ్‌లోనే ఉంది. చలి దేశాల్లో క్యాబిన్ హీటర్‌కి వేడి నీళ్ళు తీసుకునే రంధ్రం అది. మన లారీలకు హీటరెందుకు, ప్లగ్ వేసి మూసేసి ఉంటుంది. థర్మోస్టాట్‌కి ఇంజిన్ వైపున ఉంది, నీళ్ళు ఎప్పుడూ తిరిగే చోటు, రంధ్రమూ పెద్దది. లేతు దగ్గర పలుచటి ఇత్తడి బుష్ చేయించి, సెన్సార్ కొస మొత్తం నీళ్ళలోకి వచ్చేలా బిగించాం. మర మీద టేపు లేదు, రాగి వాషర్ మాత్రమే. హౌసింగ్ మీది నల్ల టేపు 85, ముల్లు 84.

ఖాళీ అయిన పాత సెన్సార్ రంధ్రంలో, మీటరుతో సంబంధం లేని ఒక స్విచ్ పెట్టాం. 103 దగ్గర కలుస్తుంది, ఎర్ర బల్బు వెలిగి బజర్ మోగుతుంది. మొగిలి మలుపుల్లో డ్రైవర్ కన్ను రోడ్డు మీద ఉండాలి, ముల్లు మీద కాదు.

పాత మీటరును అందానికి అక్కడే ఉంచుదామన్నాడు ఓనరు. ఎప్పుడూ చల్లగా చూపించే మీటరు డాష్‌బోర్డులో ఉంటే, ఏదో ఒక రాత్రి కొత్త డ్రైవర్ దాన్నే చూసి తోలతాడు. చెప్తే ఒప్పుకున్నాడు. దాన్ని ఇంటికి తీసుకెళ్ళాడు.

ఘాట్ మీద

ఇసుక మూటలతో లోడు చేసి, బంగారుపాళ్యం దాటి, డ్రైవర్ పక్కన కూర్చుని మొగిలి ఘాట్ ఎక్కాం. హౌసింగ్‌కి కట్టిన వేరే ప్రోబ్ థర్మామీటర్ తీగ క్యాబిన్‌లోకి తెచ్చి చేతిలో పట్టుకున్నాను. ఎక్కుడు మధ్యలో ప్రోబ్ 94, ముల్లు 93. పైకి చేరి పలమనేరు వైపు చదును తగలగానే రెండూ 86కి దిగాయి. ఎక్కేటప్పుడు ఎక్కి, దిగేటప్పుడు దిగే ముల్లును చూసి డ్రైవర్, "ఇది కదన్నా మీటరంటే" అన్నాడు. నాకు మాత్రం ఆ దిగడమే ముఖ్యం. రెసిస్టర్ ఉన్నప్పటి ముల్లు ఇలా దిగేది కాదు, ఎక్కేదీ కాదు.

60 డిగ్రీల కింద మీటరు 3 డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. అలాగే వదిలేశాం. చల్లటి ఇంజిన్ దగ్గర తప్పుతో నష్టం లేదు. 85 నుంచి 105 మధ్య ఎంత నిజం చెప్తుందన్నదే చూసుకోవాలి.

డ్రైవర్‌కి రెండు మాటలు చెప్పాం. ఒకటి, ఎక్కుడులో ముల్లు ఉన్నట్టుండి కిందికి పడితే సంతోషించొద్దు, వెంటనే బండి ఆపు. నీళ్ళు పోయి సెన్సార్ గాలిలో ఉందేమో చూడు. రెండు, తాళం తిప్పినప్పుడు ఎర్ర బల్బు ఒకసారి వెలగాలి. వెలగకపోతే ఆ రోజు బల్బు చూసుకున్నాకే కదులు.

ఇప్పుడు మా షెడ్డులో

ఇంజిన్ మారిన బండి ఏది వచ్చినా జాబ్ కార్డులో మూడు గళ్ళు ముందే గీసి ఉంచుతున్నాం: టేపు మీద వేడి, సెన్సార్ ఓములు, ముల్లు. మూడూ నిండేదాకా ఏ పార్టూ కొనం. "ఎవరైనా ఏదైనా తీసేశారా?" అని నేరుగా అడుగుతున్నాం. ఏం మార్చారని అడిగితే ఓనర్లు చెప్తారు, ఏం తీసేశారన్నది అడిగితే తప్ప చెప్పరు.

ఈ బండి సెన్సార్ ఎప్పుడైనా పోతే ఏం కొనాలో కాగితం మీద రాసి క్యాబిన్ తలుపు లోపల అతికించాం. షాపు కౌంటర్ దగ్గర పొయ్యి ఉండదు, మల్టీమీటర్ చాలు. 30 డిగ్రీల గది వేడిలో ఈ మీటరుకి కుదిరే సెన్సార్ 400 ఓములకు పైన చూపిస్తుంది. ఇంజిన్‌తో వచ్చిన రకం 170 దగ్గర ఆగుతుంది. పెట్టె మీద పార్టు నంబరు ఏదైనా సరే, 170 చూపిస్తే డబ్బులివ్వకుండా తిరిగి ఇచ్చేయమని రాశాం.